ముందు బేరం, తర్వాత గుండె

హైదరాబాదులో కుక్కపిల్లను కొనడం చాలా తేలిక. దాని గుండె మీద స్టెతస్కోపు పెట్టించడమే మహాకష్టం. అమ్మకానికి ముందు ఆ పని ఎవరి బాధ్యతా కాదు. అమ్మకం అయ్యాక దాని గురించి మాట్లాడని నోరు ఉండదు.

కొనేవారి వరస చూడండి. పిల్ల ఇంటికి రాకముందే పరుపు వస్తుంది. ఎముక ఆకారంలో బిస్కెట్లు, గంట కట్టిన మెడపట్టీ, పేరు చెక్కించిన గిన్నె, వర్షానికి కోటు వస్తాయి. వానలకు ఇంకా మూడు నెలలున్నా, కోటు ఆఫర్లో ఉంది మరి. పేరు కోసం ఇంటిల్లిపాదీ కొట్టుకుని, చివరికి ఆ వీధిలో అప్పటికే ముగ్గురికి ఉన్న సింబా అనే పేరు ఖాయం చేస్తారు. సింబాకు ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరుస్తారు. బంతిపూల తోరణం కట్టి బారసాల చేసేవాళ్లూ ఉన్నారు. ఇన్ని ముచ్చట్లు తీర్చుకునేవారికి అమ్మేవాణ్ణి ఒక్క మాట అడగడానికే తీరిక ఉండదు: "దీని గుండె ఎవరైనా విన్నారా?"

వినడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీకి ఆనించి విన్నాడు. స్టెతస్కోపు పుట్టుక అదే. రెండు వందల ఏళ్లు దాటిపోయాయి. ఆ గొట్టం లోకమంతా తిరిగింది గానీ మన కుక్కపిల్లల దుకాణం గుమ్మం మాత్రం ఇంకా ఎక్కలేదు. అక్కడ గోడకు వేలాడే పరికరం ఒక్కటే, క్యూఆర్ కోడ్ అట్ట.

కాబట్టి ఆ గుండెను మొట్టమొదట వినేది టీకా వేసే డాక్టరుగారు. అదీ, విననిస్తే. ఆయన చెవుల్లో గొట్టాలు పెట్టుకోగానే గదిలో అందరికీ మాటలు వస్తాయి. రాత్రి ఎన్నిసార్లు లేచి ఏడ్చిందో అమ్మగారు చెబుతుంటారు. అయ్యగారు ఫోను ఎత్తి పట్టుకుని "సింబా, ఇటు చూడు, ఇటు ఇటు" అంటుంటారు. సింబా డాక్టరుగారి వాచీ పట్టీ నములుతుంటుంది. ఆ గోలలోనే ఆయన మొహం కాస్త మారుతుంది. గొట్టాన్ని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి మళ్లీ ఎడమకి జరుపుతారు. ముందుకాలి చంక దాకా తీసుకెళ్లి కాసేపు ఆపుతారు.

"చిన్న మర్మర్ ఉందండీ. గ్రేడ్ టూ."

"ఎంతకి డాక్టర్‌గారూ?"

"ఆరుకి."

"ఆరుకి రెండేనా!"

మార్కులంటే మనవాళ్లకున్న భయభక్తులు తెలిసినవే కదా. ఇక్కడ తక్కువ రావడమే మంచిదని నచ్చజెప్పడానికే ఆయనకు సగం ప్రాణం పోతుంది. ఒకటో గ్రేడంటే సద్దు లేని గదిలో చెవి నిలిపి కొంతసేపు వింటేగాని దొరకనంత సన్నని చప్పుడు. అయిదో గ్రేడులో పిల్ల ఛాతీ మీద చెయ్యి పెడితే అదురు తెలుస్తుంది. ఆరో గ్రేడులో గొట్టాన్ని ఛాతీ నుంచి కాస్త ఎత్తి పట్టుకున్నా వినబడుతుంది. పైగా ఇది చప్పుడుకు కొలతే గాని జబ్బుకు కొలత కాదు. గుండె గదుల మధ్య గోడకు సన్నని చిల్లుంటే రక్తం అందులోంచి జోరుగా దూసుకుపోయి పెద్ద రొద చేస్తుంది. పెద్ద చిల్లు ఒక్కోసారి మెత్తగా గొణిగి ఊరుకుంటుంది. మర్మర్ అంటే లోపల ఎక్కడో రక్తం సాఫీగా కాక సుడి తిరుగుతూ పారుతోందని కబురు, అంతే. ఆ సుడి ఎక్కడో, ఎందుకో చెప్పాల్సింది ఎకో పరీక్ష.

డాక్టరుగారు ఈ మాట ముగించేలోపే అమ్మగారి కళ్లు నిండిపోతాయి. అయ్యగారు దుకాణం వాడి నంబరు వెతకడం మొదలుపెడతారు.

ఆ కన్నీళ్లను నేను వెక్కిరించను. ఒళ్లో పడుకుని నిద్రపోవడం నేర్చిన పసిప్రాణి గురించి అలాంటి మాట వింటే ఎవరికైనా నోరు ఎండిపోతుంది. నాకు మంట ఎక్కించేది కన్నీళ్లు ఆరాక జరిగే తతంగం.

సాయంత్రానికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వార్త పొక్కుతుంది. సగం చదివిన ఒకాయన అప్పుడే సింబా ఆత్మకు శాంతి కలగాలని రాసేస్తారు. సింబా ఆ సమయంలో ఆయన చెప్పునే కొరుకుతుంటుంది. మూడో అంతస్తు తాతగారు తన బిళ్లల డబ్బా పట్టుకుని దిగి వస్తారు. "నాకూ గుండె ఆపరేషనే బాబూ, ఏమైంది నాకు? ఇదుగో, ఈ బిళ్లలో పావు ముక్క వెయ్యండి." మనిషి బిళ్లల్లో కుక్క ప్రాణం తీసేవి ఉన్నాయని, ఒంటినొప్పులకు మనం మింగే ఐబుప్రొఫెన్ కూడా వాటిలో ఒకటని ఆయనకు ఎవరు చెప్పాలి? ఎదురింటి పిన్నిగారు ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తారు. ఘాటుకు సింబా తుమ్ముతుంది. "చూశారా, ఎంత దిష్టో!" అంటారు. విజయవాడ బాబాయ్ ఫోన్లో తెల్లమద్ది బెరడు కషాయం చెబుతారు, మోతాదుతో సహా. ఆ మోతాదు ఆయనది. మొన్ననే డాలస్ నుంచి వచ్చిన మేనల్లుడు "అక్కడైతే కుక్కలకు ఇన్సూరెన్స్ ఉంటుంది మావయ్యా" అని నిట్టూరుస్తాడు. ముందే బయటపడ్డ జబ్బుకు ఆ ఇన్సూరెన్సు మామూలుగా పైసా విదల్చదన్న సంగతి మాత్రం సూట్‌కేసులోంచి తీయడు.

ఇంతమంది వచ్చిపోయారా, ఎకో అన్న మాట ఒక్కరి నోటా రాదు. ఎవరైనా గుర్తుచేస్తే, "కుక్కకి ఎకో ఏమిటండీ, చోద్యం కాకపోతే!" నలభై వేలు పోసి పిల్లను కొన్న చేతికి, అందులో పదో వంతు ఖర్చయ్యే పరీక్ష పగటి దోపిడీగా తోస్తుంది. రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు పేరు మీద, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వరుడి పేరు మీద పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయంటే, "అక్కడ బర్రెలకు కదండీ చూసేది?" అని ఎదురు అడుగుతారు. వాళ్ల దృష్టిలో సింబా పశువు కాదు, కుటుంబ సభ్యుడు. కుటుంబ సభ్యుడికి గుండె పరీక్ష దండగ.

అసలు సంగతి ఏమంటే, ఆరేడు వారాల పిల్లల్లో వినబడే సన్నటి మర్మర్లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. పెరిగే ఒంట్లో రక్తం చేసే సందడి అది. నాలుగైదు నెలలు వచ్చేసరికి దానంతటదే సద్దుమణుగుతుంది. డాక్టరు మళ్లీ రమ్మంటారు, మళ్లీ వింటారు, ఒకరోజు నవ్వుతారు. కొన్ని పిల్లల్లో మర్మర్‌కి కారణం గుండె కానే కాదు, పలచబడ్డ రక్తం. కొంకి పురుగులు పేగులకు కరుచుకుని, గోమార్లు చెవుల్లో తిష్ఠ వేసి రక్తం పీల్చేస్తుంటే, నీళ్లలా పలచనైన ఆ రక్తం కవాటాల దగ్గర చప్పుడు చేస్తుంది. చిగుళ్లు ఎత్తి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటాయి. నట్టల మందు వేసి, రక్తం పట్టేలా చూసుకుంటే చాలాసార్లు చప్పుడూ పోతుంది. ఇంకో విడ్డూరం వినండి. దుకాణంలో పిల్లను ఎత్తుకుని "పొట్ట చూడండి ఎంత బొద్దుగా ఉందో!" అని మురిసి అడ్వాన్సు ఇచ్చారే, ఆ బొద్దుతనం సగం ఏలికపాములదే కావచ్చు. పురుగులకు కూడా కలిపి డబ్బు కట్టి తెచ్చుకున్నారన్నమాట.

మిగిలినవి నిజం జబ్బులు, పుట్టుకతో వచ్చినవి. తల్లి కడుపులో ఉన్నప్పుడు గుండె దగ్గర రెండు పెద్ద నాళాలను కలిపే ఒక దారి ఉంటుంది. పుట్టిన కొద్ది రోజుల్లో అది మూసుకుపోవాలి. మూసుకోకపోతే చంక దగ్గర యంత్రం తిరుగుతున్నట్టు ఎడతెగని రొద వినిపిస్తుంది. పొమెరేనియన్, పూడిల్, జర్మన్ షెపర్డ్ లాంటి జాతుల్లో, అందులోనూ ఆడపిల్లల్లో, ఇది ఎక్కువ. వదిలేస్తే వీటిలో చాలా పిల్లలు ఏడాది చూడవు. ఆపరేషనుతోనో, తొడ రక్తనాళం గుండా పంపే చిన్న బిరడాతోనో వేళకు మూసేస్తే మామూలు కుక్కలా ముసలితనం దాకా బతుకుతాయి. బీగిల్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లకు ఊపిరితిత్తుల వైపు కవాటం ఇరుకవడం, గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వైలర్లకు బృహద్ధమని కింద ఇరుకు. ఏదైనా సరే, వేళకు తెలియాలి. తెలియడానికి ముందు ఎవరో ఒకరు వినాలి.

ఇప్పుడు దుకాణం వాడికి ఫోను కలుస్తుంది.

"సార్, అది సౌండే సార్. పెద్దయ్యాక అదే పోతుంది."

చూశారా, వినకుండానే డాక్టరుగారి కన్నా ముందు తేల్చేశాడు. గుడ్డిదెబ్బగా నిజమే అయినా అయిపోవచ్చు. అయ్యగారు గొంతు పెంచుతారు. కన్స్యూమర్ కోర్టు అంటారు. అవతలి గొంతు తేనెలోకి దిగుతుంది.

"ఎందుకు సార్ టెన్షన్? మీరు మన కస్టమర్లు. తీసుకొచ్చేయండి, మార్చి ఇచ్చేస్తా. అదే లిట్టర్‌లో ఇంకోటుంది. హెవీ బోన్, పంచ్ ఫేస్. దీనికన్నా టాప్."

ఇక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఆగరు. మిక్సీ గిన్నె కారుతోందని కొట్టుకు పట్టుకెళ్లినట్టు మరుసటి ఆదివారం సింబాను అట్టపెట్టెలో కూర్చోబెట్టుకుని బయల్దేరతారు. మారు పిల్లగా ఇచ్చేది ఎవరు? అదే తల్లికి, అదే తండ్రికి, అదే ఈతలో పుట్టిన తోబుట్టువు. ఏ రక్తసంబంధాన్ని చూసి భయపడ్డారో దాన్నే మళ్లీ చంకనెత్తుకుని, పైగా రెండు వేలు తగ్గించుకున్నామని గర్వంగా ఇంటికొస్తారు. దాని గుండె విన్నారా? లేదు. ఈసారి టీకా రోజున డాక్టరుగారిని ఛాతీ జోలికి వెళ్లవద్దని చెబుతారేమో కూడా.

వెనక్కి వెళ్లిన సింబా ఏమవుతుంది? అదేమీ రహస్యం కాదు. సింబా పేరు పోతుంది, గంట పట్టీ పోతుంది. అరలో మళ్లీ నలభై వేల పిల్ల అయి కూర్చుంటుంది. పై ఆదివారం ఇంకో అయ్యగారు, ఇంకో అమ్మగారు వస్తారు. "ఫుల్ యాక్టివ్ సార్." డాక్టరు విన్నది, చెప్పింది, చీటీ మీద రాసింది అంతా ఆ గుమ్మం దగ్గరే చెరిగిపోతుంది. మార్పిడి అంటే ఇదే. కొన్నవాడి మనసుకు శాంతి, అమ్మినవాడి ఖాతాకు శాంతి. పిల్ల జబ్బు గురించిన ఒక్క కబురు మాత్రం తల్లిని ఈనించేవాడి దాకా చేరదు. చేరితే ఆ జంటకు ఎకో చేయించాలి, తేడా ఉంటే మళ్లీ కట్టించడం మానాలి. చేరలేదు కాబట్టి వచ్చే ఏడాది మళ్లీ ఈత, మళ్లీ అదే గుండె.

దీనికి చట్టం లేదా అంటారా? లేకేం, భేషుగ్గా ఉంది. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో నిబంధనలు వచ్చాయి. పెంపుడు జంతువుల దుకాణాల మీద 2018లో వచ్చాయి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. పెంచేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. బజారులో మాత్రం "ముప్పై అయిదు రోజుల పిల్ల సార్, చిన్నప్పుడే తీసుకెళ్తే బాగా అలవాటవుతుంది" అనే మాట ఇవాళ్టికీ బహిరంగంగానే నడుస్తోంది. ఈ నిబంధనలకు తల్లి 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. మూగజీవిని హింసిస్తే తొలి తప్పుకు అందులో రాసి ఉన్న జరిమానా పది రూపాయలకు తక్కువ కాకుండా, యాభై రూపాయలకు మించకుండా. అంత డబ్బుకు ఇప్పుడు సింబా బిస్కెట్ల పొట్లం కూడా రాదు. నలభై వేల సరుకు మీద యాభై రూపాయల భయం! ఆ భయంతో వణికి ఏ వ్యాపారి అయినా రాత్రి నిద్ర మానుకున్నట్టు ఇంతవరకు వినలేదు.

కొనేవాడికి జాతి మీద మోజు, అమ్మేవాడికి ఆ మోజే పెట్టుబడి. 2003లో హచ్ ఫోను ప్రకటనలో ఒక పగ్ కుర్రాడి వెనక గునగున నడిచింది. ఆపైన దేశంలో పగ్ లేని కాలనీ లేదు. నొక్కుకుపోయిన ఆ ముక్కుతో అది ఊపిరికి పడే యాతనను "ముద్దుగా గురక పెడుతుంది" అని మనం చుట్టాలకు చూపించుకున్నాం. తర్వాత మంచులో పుట్టాల్సిన హస్కీలు కూకట్‌పల్లి మే నెలలోకి వచ్చాయి. వాటి కోసం ఇళ్లలో ఏసీ పగలూ రాత్రీ తిరిగింది. ఇప్పుడు ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంతు. ఈ మోజులకు తోడు కాగితాల పిచ్చి ఒకటి. "కేసీఐ పేపర్స్ ఉన్నాయి సార్, చాంపియన్ లైన్" అనగానే అయ్యగారి చెయ్యి జేబులోకి వెళ్తుంది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే ఆ కాగితం చెప్పేది తాత ఎవరు, ముత్తాత ఎవరు అని. గుండె ఎలా కొట్టుకుంటోందో చెప్పడానికి దాన్ని ఎవరూ అచ్చువేయలేదు. వంశం అడిగి గుణం అడగకపోవడం మనకు పెళ్లిచూపుల నుంచీ అలవాటే లెండి.

కుక్క గుండెకు ఇంత రాద్ధాంతమా అనేవారికి ఒక పాత లెక్క గుర్తుచేయాలి. 1944 నవంబరులో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో, ఒళ్లు నీలంగా మారిపోతున్న ఓ పసిపిల్లకు బ్లాలాక్ అనే సర్జన్ గుండె దగ్గర ఆపరేషన్ చేశాడు. పిల్లల గుండె శస్త్రచికిత్సకు దారి తెరిచిన ఘట్టాల్లో అది ఒకటి. ఆ పద్ధతిని అంతకుముందు ప్రయోగశాలలో కుక్కల మీద చేసి చేసి రూపుదిద్దినవాడు వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు. ఆపరేషను రోజున బ్లాలాక్ వెనక నిలబడి ఎలా కుట్టాలో చెప్పింది కూడా ఆయనే. ఆ ప్రయోగాల్లో చాలాకాలం బతికి నిలిచిన అన్నా అనే కుక్క చిత్రపటం అదే సంస్థలో గోడకు పెట్టారు. అంటే మనుషుల పిల్లల గుండెలు ఎలా బాగుచేయాలో కుక్కల గుండెల మీద నేర్చుకున్నాం. ఇవాళ ఆ జాతి పిల్లకే గుండెలో చప్పుడుందంటే ఎకో చోద్యం, కొట్టుకు తిరిగి ఇచ్చేయడం లోకజ్ఞానం! మూడో అంతస్తు తాతగారు తన ఛాతీ మీది గాటు తడుముకుంటూ బిళ్ల ముక్క ఇవ్వజూపుతారే, ఆ గాటు వెనక ఎన్ని కుక్కలు ఉన్నాయో ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

మన దేశంలో సౌకర్యాలు లేవనే సాకు కూడా పలచబడింది. 2024లో ఢిల్లీలో ఒక బీగిల్‌కు ఛాతీ కోయకుండా, రక్తనాళం గుండా పంపిన పరికరంతో కారుతున్న కవాటాన్ని సరిచేశారు. ఆ సౌకర్యం అన్నిచోట్లా దొరకదు, ఖర్చు సామాన్యుడికి అందదు, నిజమే. స్టెతస్కోపు అన్నిచోట్లా దొరుకుతుంది. అది అందరికీ అందుతుంది.

సింబా ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే దాన్ని అట్టపెట్టెలో పెట్టకండి. వాట్సాప్ మూసి ఎకో చేయించండి. చిగుళ్లు, రక్తం చూడమని డాక్టరును అడగండి. గోమార్లు ఏరించండి. ఏ మందూ ఎదురింటి డబ్బాలోంచి వేయకండి. నాలుగో నెల నిండాక మళ్లీ వినిపించండి, డాక్టరుగారు వింటున్నంతసేపు దయచేసి నోరు మూసుకోండి. ఎకోలో జబ్బు తేలితే, ఆ రిపోర్టు నకలు అమ్మినవాడికీ పెంచినవాడికీ పంపి, ఆ తల్లిని మళ్లీ కట్టించవద్దని రాతపూర్వకంగా అడగండి.

ఇంకా కొననివారు ఒక్క పని చేయండి. క్యూఆర్ కోడ్ దగ్గర ఫోను తీయకముందు, పిల్లను మీరు ఎంచుకున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తానని అమ్మేవాడితో చెప్పండి. వద్దంటే అక్కడి నుంచి వచ్చేయండి.